చెరువు నత్తల్లో, ఆల్చిప్పల్లో పరాన్నజీవులను గుర్తించడం, ఏడాది పొడవునా గమనించడం ఎలా?

పశువు పేడలో కార్జపు జలగ (కాలేయంలో బతికే లివర్ ఫ్లూక్ అనే పరాన్నజీవి) గుడ్లు కనిపించిన తరువాత గానీ మనం చెరువు వైపు చూడము. ఆ జలగ పశువు కడుపులోకి చేరడానికి కొన్ని వారాల ముందే, అదే చెరువు తూము దగ్గర పాకుతున్న ఒక నత్త కాలేయంలో అది సంఖ్యను పెంచుకుంటూ ఉంటుంది. అక్కడ దానిని పట్టుకోవడానికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. ఒక సాధారణ సూక్ష్మదర్శిని, ఒక జల్లెడ, కొన్ని గాజు గిన్నెలు, వీటన్నిటికంటే ముఖ్యంగా ప్రతి నెలా అదే చోటికి వెళ్ళే ఓపిక ఉంటే చాలు. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో ఎవరూ పెంచకుండా సహజంగా బతికే నత్తలను, ఆల్చిప్పలను పరీక్షించాలనుకునే కళాశాల అధ్యాపకులు, పశువైద్యులు, మత్స్య సహకార సంఘాల సభ్యులు, ఎమ్మెస్సీ విద్యార్థులు అనుసరించడానికి వీలుగా ఈ పద్ధతిని వివరిస్తున్నాను. కోస్తా నుంచి నగరానికి పరీక్ష కోసం వచ్చే సముద్రపు ఆల్చిప్పల గురించి కూడా మధ్యలో కొంత చెబుతాను.

ఏ నత్తను వెతుకుతున్నారో ముందు తేల్చుకోండి

ఈ పనిలో ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ప్రతి పరాన్నజీవికీ తనకు సరిపడే నత్త జాతి వేరుగా ఉంటుంది. పొరపాటు నత్తను వెయ్యి కోసినా ఏమీ దొరకదు. మన బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూడగలిగాడు. అంతకు ముందు రెండేళ్ళ పాటు ఆయన శ్రమలో అధిక భాగం ఆ క్రిమిని మోయని దోమ జాతుల మీదే ఖర్చయిపోయింది. రెక్కలపై మచ్చలున్న దోమ చేతికి వచ్చిన తరువాతనే విషయం తేలింది. నత్తల విషయంలోనూ ఇదే వరుస వర్తిస్తుంది.

మన చెరువుల్లో మీకు తరచుగా తారసపడేవి అయిదారు రకాలు. దోసె చుట్టినట్టు బల్లపరుపుగా చుట్టుకొని, గోధుమ రంగులో ఉండి, గుచ్చితే ఎర్రటి రక్తం కారేది ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్. దీని రక్తంలో మనలాగే హీమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆ ఎరుపు చూసి దీనిని సులభంగా గుర్తుపట్టవచ్చు. పశువులకు గురక వ్యాధి తెచ్చే షిస్టోసోమా నేసేల్, పేగుల రక్తనాళాల్లో ఉండే షిస్టోసోమా స్పిండేల్, గొర్రెలను పీల్చి పిప్పి చేసే కొన్ని పొట్ట జలగలు ఈ నత్త గుండానే వస్తాయి. పలచని, తేనె రంగు పెంకుతో, నోరు వెడల్పుగా, కుడివైపు తిరిగి ఉండేవి లిమ్నియా జాతి నత్తలు. కార్జపు జలగ అయిన ఫాసియోలా జైగాంటికాకు ఈ కుటుంబమే ఆశ్రయం. పెంకు మొనను పైకి పెట్టి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకున్నప్పుడు, నోరు ఎడమ వైపు వస్తే అది చాలా వరకు ఫైసా. అది బయటి నుంచి వచ్చి మన మురుగు నీటిలో స్థిరపడ్డ జాతి, దానిని లిమ్నియాగా పొరబడకండి. నోటికి మూత ఉండి, గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనేది బెల్లామియా. కూర వండుకునే పెద్ద గుండ్రటి నత్త పైలా. పొడవుగా శిఖరంలా ఉండేది మెలనాయిడిస్.

ఒక్కో జాతి పెంకును శుభ్రం చేసి, ఎండబెట్టి, పేరు రాసిన డబ్బాలో దాచుకోండి. గుర్తింపులో సందేహం ఉంటే అత్తాపూర్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థ వారి మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉన్నది. పెంకును తీసుకొని వెళ్ళి చూపించడం, ఫోటో పంపడం కంటే మేలు.

అనుమతి, చోటు, కాలం

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రెండూ 1908 నాటి మూసీ వరద తరువాత కట్టిన జలాశయాలు. నగరానికి తాగునీరు ఇచ్చినవి కాబట్టి అక్కడ నీటిలో దిగాలంటే జలమండలి అనుమతి కావాలి. ఊరి చెరువు అయితే మత్స్య సహకార సంఘం వారికి, గ్రామ పంచాయతీకి ముందుగా చెప్పండి. సంఘం వారికి చెబితే ఇంకో లాభం ఉంది. ఏ మూల నత్తలు ఎక్కువ ఉంటాయో, ఏ రేవులో పశువులు దిగుతాయో వారికి తెలిసినంతగా ఏ పటమూ చెప్పదు.

చెరువు మొత్తం తిరిగి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఏరుకోవడం కాకుండా, మూడు స్థిరమైన చోట్లు ఎంచుకోండి. ఒకటి తూము దగ్గర, ఒకటి పశువులు నీళ్ళు తాగే రేవు దగ్గర, ఒకటి పశువు అడుగు పడని చోట. మూడవ చోటు లేకపోతే మొదటి రెండింటిలో దొరికినది ఎక్కువా తక్కువా అని చెప్పడానికి మీకు పోలిక ఉండదు. చోటును జీపీఎస్ అంకెలతో పాటు మాటల్లో కూడా రాయండి. "అలుగు రాయి నుంచి కుడివైపు ఇరవై అడుగులు, తుంగ మొదలయ్యే చోట" అని రాస్తే వచ్చే ఏడాది మీ స్థానంలో వచ్చే విద్యార్థికి కూడా అదే చోటు దొరుకుతుంది.

కాలం విషయానికి వస్తే, చెరువులు నిండే వర్షాకాలంలో నత్తలు చెల్లాచెదురై తక్కువగా దొరుకుతాయి. బతుకమ్మ నాటికి నీరు నిలకడ పడిన తరువాత, చలికాలం అంతా అవి గుంపులుగా కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో శిఖం (చెరువు అడుగు నేల) ఎండిపోయినప్పుడు పైలా మట్టిలోకి దూరి నిద్రపోతుంది. ఏడాదంతా నెలకొకసారి, సాధ్యమైనంత వరకు అదే వారంలో, ఉదయం పూటే సేకరించండి. వినాయక నిమజ్జనం జరిగిన చెరువులో ఆ వెంటనే వచ్చే వారాల్లో సేకరణ జరిపితే అంకెలు అసలు పరిస్థితిని చూపవు. ఆ తేదీని మాత్రం పుస్తకంలో తప్పక నమోదు చేయండి.

సేకరణ

వెదురు కర్రకు బియ్యం జల్లెడ గట్టిగా కట్టుకోండి. పిండి జల్లెడ పనికిరాదు, బురదతో క్షణంలో మూసుకుపోతుంది. మోకాలి పైవరకు గమ్ బూట్లు, మోచేతి వరకు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. పశువుల షిస్టోసోమా సెర్కేరియాలు మనిషి చర్మంలోకి కూడా దూరబోయి అక్కడే చచ్చి, దద్దుర్లు, దురద పుట్టిస్తాయి. వరి మడిలో, చెరువులో దిగిన వారికి వచ్చే ఆ దురదను నీరు పడకపోవడంగా మనవారు చెప్పుకుంటారు. ఇదే దానికి ఒక కారణం.

ఒక్కో చోట ఒకే మనిషి, గడియారం చూసుకొని సరిగ్గా ముప్పై నిమిషాలు వెతకాలి. గుర్రపు డెక్క ఆకుల అడుగు భాగం, తామరాకు కాడ, నీటిలో మునిగిన ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు, రాళ్ళ నీడ వైపు చూడండి. పెద్దవి మాత్రమే ఏరాలన్న ఆశ సహజంగా పుడుతుంది, దానిని అదుపులో పెట్టుకోండి. పెద్ద నత్తలు ఎక్కువ కాలం నీటిలో ఉన్నవి కాబట్టి వాటిలో సంక్రమణ ఎక్కువగా ఉంటుంది. చిన్నవాటిని వదిలేస్తే మీ శాతం కృత్రిమంగా పెరిగిపోతుంది. జల్లెడలో పడిన ప్రతి నత్తనూ తీసుకోండి, తరువాత వెర్నియర్ కాలిపర్స్‌తో పెంకు కొలత రాయండి.

ఎన్ని కావాలి? చెరువులోని ఆ జాతి నత్తల్లో కనీసం 5 శాతానికి సంక్రమణ ఉంటే, దానిని 95 శాతం నమ్మకంతో ఒక్కటైనా పట్టుకోవాలంటే దాదాపు 60 నత్తలు పరీక్షించాలి. 10 శాతం ఉంటే 30 చాలు, 2 శాతమే ఉంటే 150 కావాలి, 1 శాతం అయితే 300 వరకు వెళ్ళాలి. ఈ లెక్క మీరు వాడే పరీక్ష ఏ పరాన్నజీవినీ వదిలిపెట్టదన్న ఊహ మీద నడుస్తుంది. నిజంలో పరీక్ష కొన్నింటిని వదిలేస్తుంది కనుక ఈ సంఖ్యలను కనీసంగా తీసుకోండి. ఒక జాతికి ఒక నెలలో 60 దొరకకపోతే, దొరికినన్నిటితోనే పని చేసి, దొరికిన సంఖ్యను దాచకుండా రాయండి.

నత్తలను నీళ్ళ సీసాలో వేసి మూత బిగించి తెచ్చే అలవాటు మానండి. మెహదీపట్నం దాటేలోపే ఆ నీటిలో ప్రాణవాయువు అయిపోతుంది. గాలి రంధ్రాలున్న డబ్బాలో తడి గుడ్డ గానీ, తడి నాచు గానీ పరిచి, జాతి వారీగా, చోటు వారీగా వేరుచేసి పెట్టండి. వేసవిలో డబ్బాను ఐస్ బాక్స్‌లో ఉంచవచ్చు, కానీ మంచు ముక్కకు నేరుగా తగలనివ్వకండి. డబ్బా మీద కాకుండా డబ్బా లోపల, పెన్సిల్‌తో రాసిన చీటీ వేయండి. మార్కర్ రాత తడికి చెదిరిపోతుంది, మూతలు తారుమారవుతాయి.

సెర్కేరియాలు బయటికి వచ్చేలా చేయడం

నత్త లోపల పెరిగిన జలగ పిల్లలు తోకతో ఈదుకుంటూ నీటిలోకి వచ్చే దశను సెర్కేరియా అంటారు. సంక్రమణ ఉన్న నత్త వాటిని వెలుతురు, వేడి తగిలినప్పుడు విడుదల చేస్తుంది. మనం చేయవలసింది ఆ సమయాన్ని గాజు గిన్నెలో సృష్టించడమే.

ఒక్కో నత్తను ముందుగా మెత్తని బ్రష్‌తో తోమి, కడిగి, ఒక్కో చిన్న గాజు గిన్నెలో పది పదిహేను మిల్లీలీటర్ల నీటిలో విడివిడిగా పెట్టండి. గిన్నెకూ నత్తకూ ఒకే అంకె ఉండాలి. కిటికీ దగ్గర ఎండ తగిలేలా గానీ, అడుగు దూరంలో పాత తరహా 60 వాట్ల బల్బు కింద గానీ మూడు నాలుగు గంటలు ఉంచండి. వేసవిలో నేరుటెండలో పెడితే గిన్నెలో నీరు ఉడుకుతుంది, కాబట్టి మధ్యమధ్య వేలితో తాకి చూడండి. ఆ తరువాత నల్లటి కాగితం మీద గిన్నెను పెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా చూస్తే, సంక్రమణ ఉన్న గిన్నెలో సన్నని తెల్లటి నలుసులు ఎగిరెగిరి పడుతూ కనిపిస్తాయి. దుమ్ము నలుసు కిందికి దిగుతుంది. సెర్కేరియా ఆగుతుంది, విదిలించుకుంటుంది, మళ్ళీ పైకి లేస్తుంది. ఒకసారి చూసిన కన్ను తరువాత పొరబడదు.

అన్ని జాతులూ పగలే విడుదల కావు. పగటి పరీక్ష అయిన గిన్నెలను నీరు మార్చి, రాత్రంతా చీకటిలో ఉంచి, తెల్లవారి మళ్ళీ చూడండి. వారం తరువాత మూడోసారి చూడగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే సంక్రమణ సోకిన నత్త సెర్కేరియాలు విడుదల చేయడం మొదలు పెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది.

ఇక నీటి గురించి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, నా మొదటి ఏడాది పని మొత్తాన్ని పాడు చేసినది ఇదే. ఉదయం వచ్చిన నల్లా నీటినే నేరుగా గిన్నెల్లో పోసి, నాలుగు గంటలు కూర్చొని, ఏమీ రాకపోవడంతో పుస్తకంలో "పరాన్నజీవి లేదు" అని రాసుకున్నాను. మర్నాటికి సగం నత్తలు పెంకులోకి ముడుచుకొని చచ్చి పడి ఉన్నాయి. క్లోరిన్ వాసన తగిలిన నత్త ఒళ్ళు దగ్గరకు తీసుకుంటుంది, బయటపడిన సెర్కేరియా కూడా ఆ నీటిలో బతకదు. తరువాత నీటిని రెండు రోజులు మూత లేని బకెట్‌లో నిలవ ఉంచి అదే చెరువు నత్తలను పరీక్షించినప్పుడు చీలిన తోకలున్న సెర్కేరియాలు కనిపించాయి. అప్పటి నుంచి నా పుస్తకంలో "లేదు" అన్న మాట రాయడం మానేశాను. "ఇన్నింటిలో వెతికాను, ఈ పద్ధతిలో కనిపించలేదు" అనే రాస్తున్నాను. బోరు నీరు దొరికితే ఇంకా మేలు, మన బోరు నీటిలో ఉండే సున్నం నత్తకు హాని చేయదు. క్యాన్లలో వచ్చే ఆర్‌వో నీటిలో లవణాలు మరీ తక్కువ కాబట్టి అది వద్దు. చెరువు నీటిని వాడితే అందులో అప్పటికే ఉన్న సెర్కేరియాలు మీ నత్త ఖాతాలో పడతాయి.

ఏది ఏదో గుర్తించడం

డ్రాపర్‌తో ఒక చుక్క తీసి స్లైడు మీద వేసి, కవర్ స్లిప్ పెట్టకుండా ముందు సూక్ష్మదర్శిని తక్కువ ఆవర్ధనంలో ఈదే తీరు చూడండి. తరువాత లుగాల్స్ అయోడిన్ ఒక చుక్క వేస్తే అవి ఆగిపోయి గోధుమ రంగు ఎక్కుతాయి. బతికుండగానే లోపలి అవయవాలు చూడాలంటే న్యూట్రల్ రెడ్ అనే రంగును బాగా పలచగా కలిపి వాడండి.

మొదట తోక చూడండి. తోక చివర రెండుగా చీలి ఉంటే అది షిస్టోసోమా కావచ్చు, పక్షుల్లో పెరిగే వేరే జలగల పిల్ల కూడా కావచ్చు. నోటి చూషకం (అతుక్కోవడానికి ఉండే గిన్నె లాంటి అవయవం) వెనుక గుండ్రటి గ్రసని (గొంతు కండరం) కనిపించకపోవడం, తోక చీలికలు తోక కాండంలో సగం కంటే పొట్టిగా ఉండడం, ఈ రెండూ కలిసి ఉంటే షిస్టోసోమా కుటుంబాన్ని అనుమానించండి. చీలికలు పొడవుగా ఉండి గ్రసని స్పష్టంగా కనిపిస్తే అది చాలా వరకు మరో కుటుంబం. తోక చీలకుండా, శరీరం పెద్దదై, ముదురు గోధుమ రంగుతో, రెండు నల్లటి కంటి చుక్కలతో, పెద్ద చూషకం వెనుక చివర ఉంటే అది పొట్ట జలగ పిల్ల. కంటి చుక్కలు లేకుండా, సాదా తోకతో, గాజు గిన్నె గోడకు అతుక్కొని కొద్దిసేపటికే తెల్లటి గుండ్రటి గూడు కట్టుకునేది కార్జపు జలగ కుటుంబానికి చెందినది కావచ్చు. ఆ గూటినే పశువు గడ్డితో పాటు మింగుతుంది. తల చుట్టూ ముళ్ళ పట్టీ ఉంటే ఎకినోస్టోమ్ అనే జలగ పిల్ల. నోటి దగ్గర సూది ఉంటే జైఫిడియో సెర్కేరియా అనే రకం. సూక్ష్మదర్శిని కింద కుటుంబం వరకే నమ్మకంగా చెప్పగలం. "షిస్టోసోమా నేసేల్" అని జాతి పేరు రాయాలంటే డీఎన్ఏ పరీక్ష ఉండాలి.

కనిపించిన ప్రతి పురుగూ పరాన్నజీవి కాదు. నత్త మెడ దగ్గర, పెంకు అంచున తెల్లటి సన్నని, ముళ్ళ కుచ్చులున్న పురుగులు పాకుతూ ఉంటే అవి కీటోగాస్టర్ అనే వానపాము బంధువులు. వాటిని తేలికగా తీసుకోకండి, అవి సెర్కేరియాలను తింటాయి. ఒక గిన్నెలో నాలుగైదు కీటోగాస్టర్‌లు ఉంటే, విడుదలైన సెర్కేరియాల్లో కొన్నింటిని మీరు లెక్కపెట్టేలోపే అవి మింగేసి ఉంటాయి. ఒకసారి సూక్ష్మదర్శిని కింద ఒకదాని పారదర్శకమైన కడుపులో ఇంకా తోక ఆడిస్తున్న సెర్కేరియాను చూశాను. అందుకే బ్రష్‌తో తోమడం అన్న మొదటి మెట్టును దాటవేయవద్దన్నాను.

నత్తను తెరిచి చూడడం

సెర్కేరియా విడుదల పరీక్ష పక్వానికి వచ్చిన సంక్రమణను మాత్రమే పట్టుకుంటుంది. పచ్చిగా ఉన్నదానిని చూడాలంటే నత్తను తెరవక తప్పదు. విడుదల చేయని నత్తల్లో నుంచి కొన్నింటిని చీటీ వేసి ఎంచుకోండి. పెంకును రెండు గాజు పలకల మధ్య నెమ్మదిగా నొక్కి పగలగొట్టి, ముక్కలు తీసి, చుట్టు చివరి భాగంలో ఉండే కాలేయ క్లోమాన్ని, దానిలో కలిసిపోయి ఉండే బీజకోశాన్ని విడదీయండి. ఆరోగ్యంగా ఉన్న నత్తలో అది ముదురు గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులో మెత్తగా ఉంటుంది. సంక్రమణ ముదిరిన నత్తలో పాలిపోయి, పసుపు లేదా నారింజ దారాలు పెనవేసుకున్నట్టు కనిపిస్తుంది. ఒక చుక్క 0.7 శాతం ఉప్పు నీటిలో ఆ ముక్కను సూదులతో విడదీసి చూస్తే, నోరు, పేగు లేని సంచులు స్పోరోసిస్ట్‌లు, నోరు, చిన్న పేగు ఉన్నవి రీడియాలు; సెర్కేరియాలు తయారయ్యేది ఈ దశల్లోనే. స్పోరోసిస్ట్‌లు మాత్రమే ఉంటే షిస్టోసోమా వైపు, రీడియాలు ఉంటే కార్జపు జలగ, పొట్ట జలగ, ఎకినోస్టోమ్‌ల వైపు అనుమానం మొగ్గుతుంది.

మంచినీటి ఆల్చిప్ప అయిన లామెల్లిడెన్స్‌ను తెరవాలంటే చిప్పల మధ్య సన్నని కత్తిని దూర్చి రెండు చివర్ల కండరాలనూ కోయాలి. మొప్పల మధ్య చిన్న నీటి పేలు, గుండె చుట్టూ ఉన్న సంచిలో, మూత్రపిండంలో ఆస్పిడోగాస్టర్ అనే జలగలు కనిపించవచ్చు. బీజకోశం స్థానంలో తెల్లటి తీగలు నిండి ఉంటే అవి స్పోరోసిస్ట్‌లు, ఆ ఆల్చిప్ప ఇక పిల్లల్ని కనలేదు. మొప్పల్లో ఇసుక రేణువుల్లా వేలకొద్దీ చిన్న చిప్పలు కనిపిస్తే మాత్రం కంగారు పడవద్దు. అవి ఆల్చిప్ప సొంత పిల్లలు, గ్లోకిడియాలు. కొత్తవారు వీటిని పరాన్నజీవులుగా రాసుకొని రావడం ప్రతి ఏడాదీ జరుగుతుంది. ఆ పొరపాటుకు కొంత సమర్థన కూడా ఉంది, అవి కొన్నాళ్ళు చేప మొప్పల మీద పరాన్నజీవులుగానే బతుకుతాయి. ఆల్చిప్పలు నెమ్మదిగా పెరిగే జీవులు కాబట్టి ఒక చోట నుంచి నెలనెలా 60 తీయడం సరికాదు. ఏడాదికి రెండుసార్లు, పరిమితంగా తీసుకోండి.

కోస్తా నుంచి వచ్చే ఆల్చిప్పలు

కాకినాడ, మచిలీపట్నం వైపు నుంచి పరీక్షకు వచ్చే సముద్రపు ఆల్చిప్పల్లో వెతకవలసిన ముఖ్యమైన పరాన్నజీవి పెర్కిన్సస్. ఇది జలగ కాదు, ఒకే కణమున్న జీవి. పెర్కిన్సస్ ఆల్సెని అనే జాతి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్నది, భారత తీరంలో ముత్యపు చిప్పల్లో నమోదైనది కూడా. ఆల్చిప్పలను తడి గోనె గుడ్డలో చుట్టి, చల్లగా, మంచినీరు తగలకుండా, రెండు రోజుల్లోపు నగరానికి చేర్చాలి. రైలులో రాత్రికి వేస్తే తెల్లవారికి సికింద్రాబాద్‌లో దింపుకోవచ్చు. నోరు తెరిచి తట్టినా మూసుకోని వాటిని పక్కన పెట్టండి.

దీనిని పట్టుకోవడానికి 1950ల నుంచి వాడుకలో ఉన్న రే పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. మొప్ప, ప్రావారం (చిప్ప లోపలి పొర), పురీషనాళం ముక్కలను యాంటీబయోటిక్‌లు, శిలీంధ్ర నివారిణి కలిపిన థయోగ్లైకొలేట్ ద్రవంలో వేసి, గది వేడిలో, చీకట్లో, అయిదు నుంచి ఏడు రోజులు ఉంచాలి. హైదరాబాద్ మే నెల గదిని గది వేడిగా లెక్కించకండి, ఏసీ గదిలో 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచండి. తరువాత ముక్కను స్లైడు మీద నలిపి లుగాల్స్ అయోడిన్ వేస్తే, ఉబ్బిన పెర్కిన్సస్ కణాలు గుండ్రంగా, నీలి నలుపు రంగులో బయటపడతాయి. ఇది జాతిని చెప్పదు, ఉందని మాత్రమే చెబుతుంది. అదే ఆల్చిప్ప నుంచి ఒక అడ్డకోత ముక్కను డేవిడ్సన్ ద్రావణంలో కణజాల పరీక్షకు, ఇంకో చిన్న ముక్కను 95 శాతం ఇథనాల్‌లో పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్షకు మొదటి రోజే దాచండి. పరీక్ష అయిన తరువాత దాచుదామంటే దాచడానికి ఏమీ మిగలదు. సముద్రపు గుల్లల్లో, శంఖాల్లో కొన్ని జాతులు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో ఉన్నాయి, తెప్పించే ముందే జాతి పేరు చూసుకోండి.

డీఎన్ఏ పరీక్ష

పీసీఆర్ చేయించే వసతి ఉంటే సెర్కేరియాలను ఫార్మలిన్‌లో కాకుండా ఇథనాల్‌లో దాచి ఇవ్వండి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది. ఒక గిన్నెలోని సెర్కేరియాలు ఒక గొట్టంలోనే ఉండాలి, రెండు నత్తలవి కలపకూడదు. నత్త కణజాలం మీద నేరుగా పీసీఆర్ చేస్తే, అప్పుడే దూరిన మిరాసిడియం (గుడ్డు నుంచి వెలువడి నత్తలోకి దూరే జలగ పిల్ల) కూడా పాజిటివ్‌గా వస్తుంది, అది ఆ నత్తలో నిలదొక్కుకోకుండా చచ్చిపోయి ఉండవచ్చు. అందుకని పీసీఆర్ శాతాన్నీ, విడుదల శాతాన్నీ ఒకే గడిలో రాయకండి.

లెక్క, పుస్తకం

పరాన్నజీవిని ఒకసారి చూడడం గుర్తింపు మాత్రమే. అదే చోట, అదే పద్ధతిలో, ఎన్నింటిలో వెతికితే ఎన్నింటిలో దొరికిందో నెలనెలా రాస్తేనే అది పర్యవేక్షణ అవుతుంది. సున్నా వచ్చిన నెలను రాయకుండా వదిలేస్తే, రెండేళ్ళ తరువాత పుస్తకం చూసిన వారికి మీరు ఆ నెల వెళ్ళలేదా, వెళ్ళినా దొరకలేదా అన్నది తెలియదు.

ప్రతి వరుసలో తేదీ, చోటు, వెతికిన నిమిషాలు, వెతికిన వారి పేరు, నీటి వేడి, నీటి మట్టం, జాతి వారీగా దొరికిన నత్తల సంఖ్య, కొలతలు, పరీక్షించిన సంఖ్య, పద్ధతి, సెర్కేరియా రకం, దొరికిన సంఖ్య ఉండాలి. 60 నత్తల్లో 3 పాజిటివ్ వస్తే 5 శాతం అని మాత్రమే రాసి ఊరుకోకండి. ఆ 5 వెనుక నిజమైన శాతం దాదాపు 2 నుంచి 14 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. వచ్చే నెల 6 వస్తే "రెట్టింపయింది" అని పత్రికా ప్రకటన ఇచ్చే స్థితిలో మీరు లేరు. 60లో ఒక్కటీ రాకపోతే, 3ను (ఇది దొరికిన సంఖ్య కాదు, ఈ లెక్కలో వాడే స్థిర సంఖ్య) 60తో భాగించండి, 0.05 అంటే 5 శాతం వస్తుంది. నిజమైన శాతం దాదాపు 5కు మించి ఉండే అవకాశం తక్కువ అని మాత్రమే మీరు నమ్మకంగా చెప్పగలరు.

శుభ్రత, సమాచారం

పరీక్ష అయిన గిన్నెల నీటిని సింకులోకి పారబోయకండి. మరిగించి గానీ, బ్లీచింగ్ కలిపి గంట ఉంచి గానీ పోయండి. నత్తలను తిరిగి చెరువులో, ముఖ్యంగా వేరే చెరువులో, ఎప్పుడూ వదలకండి. జల్లెడ, బూట్లు ఒక చెరువు నుంచి మరో చెరువుకు వెళ్ళే ముందు పూర్తిగా ఎండాలి, లేకపోతే నత్త గుడ్లను మీరే మోసుకొని వెళతారు.

సముద్రపు ఆల్చిప్పల్లో పెర్కిన్సస్ అనుమానం వచ్చినా, చెరువులో ఆల్చిప్పలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయినా మత్స్యశాఖకు తెలపండి. 2013 నుంచి నడుస్తున్న జాతీయ జలచర వ్యాధుల పర్యవేక్షణ కార్యక్రమానికి ఆ దారిలోనే సమాచారం చేరుతుంది. చెరువు నత్తల్లో షిస్టోసోమా, పొట్ట జలగ, కార్జపు జలగ పిల్లలు కనిపిస్తే మండల పశువైద్యుడికి చోటుతో సహా రాసి ఇవ్వండి. గొర్రెల కాపరికి మాత్రం కాగితం ఇస్తే ఉపయోగం లేదు. అతనిని రేవు దగ్గరికి తీసుకొని వెళ్ళి, గుర్రపు డెక్క ఆకు తిరగేసి, దాని అడుగున అతుక్కున్న ఎర్ర రక్తపు నత్తను చూపించండి. ఈ రెండు నెలలు మందను ఈ పక్క నీళ్ళకు దించవద్దనీ, కట్టకు అవతల తొట్టిలో బోరు నీళ్ళు పట్టమనీ, నీటి అంచున పెరిగిన గడ్డిని ఒడ్డునే మేపకుండా కోసి బాగా ఎండబెట్టి వేయమనీ చెప్పండి. మందు ఎప్పుడు తాగించాలో పశువైద్యుడు చెబుతాడు. వచ్చే నెల మీరు అదే రేవుకు జల్లెడ పట్టుకొని వెళ్ళినప్పుడు, అతను మందను ఎక్కడ దించుతున్నాడో కూడా ఒక వరుసలో రాసుకోండి.